పొడుగువాళ్ళ మోకాళ్ళు

అనగా అనగా, ఏరు పెద్దదీ గట్టు చిన్నదీ అయిన ఒక రాజ్యం ఉండేది.

ఆ ఏటి పేరు సుడియేరు. రాజ్యం పేరు ఏటిగడ్డ. దాన్ని ఏలే రాజు పేరు గజకేసరి భూపతి. పేరు విని ఆజానుబాహుడు అనుకునేరు! సింహాసనం మీద కూర్చుంటే ఆయన కాళ్ళు నేలకు అందేవి కావు. కింద పీట వేసేవారు. మనిషి చెడ్డవాడు కాడు. చెవులే కాస్త మెత్తనివి. ఎవరు చివర మాట్లాడితే వారి మాటే నిజమని నమ్మేవాడు.

ఆ పట్నం రేవులో ఓబులమ్మ అనే ఆవిడ మోతకూలి చేసుకుని బతికేది. పడవల్లో దిగిన ధాన్యపు బస్తాలూ, బెల్లపు బుట్టలూ, నూనె కుండలూ తలకెత్తుకుని అంగడికి చేరవేసేది. ఆమె మెడ గట్టిది. నోరు అంతకన్నా గట్టిది. భర్త పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఏటిగట్టు కింద పల్లపుపేటలో ఒక తాటాకు గుడిసె.

ఒక ఏడు వానాకాలంలో సుడియేరు పొంగి గట్టుకు గండి పడింది. పల్లపుపేట మునిగింది. ఓబులమ్మ పిల్లలను చెరో చంకన వేసుకుని, గొంతు దాకా నీళ్ళలో నడిచి మెరక చేరింది. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే గుడిసె లేదు, గుంజలు కూడా లేవు. ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ గుడిసె వేసుకుంది.

కానీ గండి అలాగే నోరు తెరుచుకుని ఉంది. మళ్ళీ వానలు పడేలోగా అది పూడకపోతే, ఈసారి ఇద్దరు పిల్లలనూ దక్కించుకోగలనా? ఓబులమ్మకు పగలూ రాత్రీ అదే బెంగ.

రాజుకూ ఆ బెంగ లేకపోలేదు. కొలువు తీర్చి అడిగాడు.

"గట్టు కట్టాలి. బొక్కసంలో చూస్తే బొద్దింకలు తప్ప ఏమీ లేవు. ప్రజల మీద పన్ను వేయక తప్పదు. ఎలా వేద్దాం?"

మంత్రి సోమయామాత్యుడు లేచాడు. తాటిచెట్టంత మనిషి. లేచి, పక్కన కూర్చున్న వర్తకుడు నిధిపాలుడి వైపు చూశాడు. నిధిపాలుడంటే సామాన్యుడా! రేవులోని పడవలన్నీ ఆయనవే. ఏటి ఒడ్డున ఉన్న పెద్ద పెద్ద గిడ్డంగులన్నీ ఆయనవే. మంత్రి పొడుగుకు జానెడే తక్కువ.

"ప్రభూ!" అన్నాడు నిధిపాలుడు చేతులు జోడించి. "పన్ను అంటే అందరికీ సమానంగా ఉండాలి. ధర్మం అదే చెబుతోంది. మన పట్నంలో బరువు మోసేవాళ్ళందరి దగ్గరా చుట్టకుదురు ఉంటుంది. ఒక్కో చుట్టకుదురుకు ఒక్కో కాసు పన్ను పెట్టండి. దాచిపెట్టడానికి వీలు లేని వస్తువు. నెత్తి మీదే కనిపిస్తుంది కదా!"

చుట్టకుదురంటే తెలుసా పిల్లలూ? బరువు తలకెత్తుకునే ముందు పాతగుడ్డను గుండ్రంగా చుట్టి నడినెత్తిన పెట్టుకుంటారు. బరువు కదలకుండా, మాడు నొప్పి పుట్టకుండా ఉండేందుకు. అంతే. చిరిగిన చీరముక్క!

మరి పల్లకీలో ఊరేగేవాడికి చుట్టకుదురుతో పనేముంది? పడవల మీద సరుకు తెప్పించి, బండ్ల మీద పంపించేవాడికి అది ఎందుకు? తల మీద బరువు ఉన్నవాడికే మరో బరువు! ఆహా, ఎంత చక్కని సమానం!

రాజు తల ఊపాడు. పన్ను పడింది.

ఇక్కడ ఓబులమ్మ ఏం చేసిందో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. అందరికన్నా ముందు తానే వెళ్ళి కాసు కట్టింది. కుదురు మీద రాజముద్ర వేయించుకుంది. అంతటితో ఊరుకోలేదు. పల్లపుపేటలో గుడిసె గుడిసెకూ తిరిగింది.

"కట్టండర్రా! గట్టు ఎవరి కోసం? మన కోసమే కదా! అది లేకపోతే ముందు మునిగేది మనమే. గొణక్కుండా కట్టండి!"

ఆమె నోటికి జడిసి కొందరు, మాట మీద నమ్మకంతో కొందరు, అందరూ కట్టారు.

ఆ కాసులన్నీ ఏమయ్యాయి? కోటగుమ్మం దగ్గర తలలు చూసే భటులను పెట్టారు. వాళ్ళకు జీతాలు. కుదుళ్ళ మీద ముద్ర వేసేవాళ్ళను పెట్టారు. వాళ్ళకు జీతాలు. ఆ ముద్ర వేసేవాళ్ళకు ఎండ తగలకుండా పందిరి వేశారు. పందిరికి కొత్త తాటాకు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లయింది. గట్టు మీద ఒక్క తట్ట మట్టి పడలేదు.

నెల తిరిగేసరికి భటులు మళ్ళీ కాసు అడిగారు. రెండోసారి కట్టలేక మోతవాళ్ళు చుట్టకుదుళ్ళు మానేశారు. ఉత్త తల మీదే బరువు మోశారు. నడినెత్తిన జుట్టు ఊడింది. మెడలు పట్టేశాయి. ముసలి పోచమ్మ నూనె కుండతో సహా రేవు మెట్ల మీద పడింది. కుండ ఖరీదు ఆమె కూలిలోంచే కోసుకున్నారు. ఎవరంటారా? ఇంకెవరు, నిధిపాలుడే.

కుదుళ్ళు మాయమయ్యేసరికి పన్నూ మాయమయింది. రాజు మళ్ళీ కొలువు తీర్చాడు.

నిధిపాలుడు మళ్ళీ లేచాడు. "ప్రభూ! కుదురు లేకుండా బతకవచ్చు. పొయ్యి లేకుండా బతుకుతారా? పొయ్యికి రెండు కాసులు పెట్టండి. నా ఇంట్లో పొయ్యికీ అంతే, కూలివాడి ఇంట్లో పొయ్యికీ అంతే. అందరికీ సమానం!"

నిధిపాలుడి ఇంట్లో ఉన్నది ఒకటే పొయ్యి. నిజమే. ఊరంతటికీ వండగల గుండిగ దాని మీద ఎక్కుతుంది. మూడు పూటలా ఆరకుండా మండుతుంది. పల్లపుపేటలో గుడిసెకొక పొయ్యి. మూడు రాళ్ళు. మధ్యాహ్నం వెలిగితే సాయంత్రం వెలగదు. రెండింటికీ రెండేసి కాసులే! ఇక కోటలోని వంటశాలల మాటా? అవి రాజుగారివి కనుక పన్ను లేదట.

పల్లపుపేటవాళ్ళు ఏం చేస్తారు? నాలుగు గుడిసెలు కలిసి ఒకే పొయ్యి పెట్టుకున్నారు. ఒకరి అంబలి దిగాక ఇంకొకరి అంబలి ఎక్కించేవారు. ఆఖరివాళ్ళ వంతు వచ్చేసరికి పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవారు.

భటులు పొగ జాడ పట్టుకుని వచ్చారు. "నాలుగు ఇళ్ళ వంట వండితే నాలుగు పొయ్యిల కిందే లెక్క!" అన్నారు. కాదన్నవాళ్ళ పొయ్యిరాళ్ళను కాళ్ళతో తన్నారు.

ఓబులమ్మ వాళ్ళకు ఎదురు నిలబడింది. "తన్నడం సరేనయ్యా, గట్టు పని ఎప్పుడు మొదలెడతారు? వానకార్తె దగ్గర పడుతోంది."

"ముందు వసూలు కానీ. పని తర్వాత" అన్నాడు భటుల నాయకుడు.

"వసూలైనదంతా మీ కడుపుల్లోకే పోతే తర్వాత అనేది ఎప్పుడొస్తుంది?"

వాడు ఆమె పొయ్యిని కూడా తన్ని పోయాడు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? మూడోసారి కొలువు తీరింది. మూడోసారి నిధిపాలుడు లేచాడు.

"ప్రభూ! పొయ్యిలు కలుపుకోవచ్చు. నాలుకలు కలుపుకోలేరు కదా! ఉప్పు మీద పన్ను వేయండి. రాజైనా కూలివాడైనా తినేది చిటికెడు ఉప్పే. ఇంతకన్నా సమానమైన పన్ను ముల్లోకాల్లోనూ ఉండదు."

సోమయామాత్యుడు ఒక్క క్షణం లేవబోయాడు. ఆయన తండ్రి కూడా పూర్వం రేవులో బస్తాలు మోసినవాడే. చెమట ఓడ్చేవాడికి ఉప్పు ఎక్కువ కావాలని ఆయనకు తెలుసు. విసనకర్ర కింద కూర్చునేవాడికి చిటికెడు చాలు, ఎండలో మోసేవాడికి చారెడు పడుతుంది. అది చెప్పవలసినవాడు ఆయనే. కానీ నిధిపాలుడు కొత్తగా పంపిన పట్టు పంచె ఆయన నడుమున ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాడు. ఛీ! తెలియనివాడు చేసిన తప్పు ఒకటైతే, తెలిసి ఊరుకున్నవాడి తప్పు నూరు.

ఉప్పు మీద పన్ను పడింది. రేవులో ఉప్పు ధర కొండెక్కింది.

ఆ రోజు ఓబులమ్మ పిల్లలకు అంబలి పోసింది. చిన్నది ఒక గుక్క తాగి ముంత కింద పెట్టేసింది.

"అమ్మా, చప్పగా ఉందే!"

"తాగు తల్లీ."

"ఉప్పేదమ్మా?"

ఊళ్ళో ఎవరి నోటికైనా తాళం వేయగల మనిషి, కన్నకూతురికి ఖాళీ ఉప్పుముంత బోర్లించి చూపింది.

ఆ వారంలోనే పల్లపుపేట ఖాళీ కావడం మొదలైంది. చాపలు చుట్టుకుని, కుండలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను ముందు నడిపించుకుంటూ జనం ఏరు దాటి పొరుగు రాజ్యానికి పోసాగారు. మోతవాళ్ళు పోయారు. తట్టలెత్తేవాళ్ళు పోయారు. పెద్ద ఇళ్ళలో పనిచేసే నౌకర్లు, పల్లకీ మోసే బోయీలు కూడా పోయారు. వాళ్ళందరివీ పల్లపుపేట గుడిసెలే కదా!

పక్క గుడిసె పుల్లయ్య మూట కట్టుకుంటూ ఓబులమ్మను చూశాడు.

"నీ మాట విని కట్టాం వదినా. గట్టు వస్తుందన్నావు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె ఎదురు తిరిగి ఉండేది. మెల్లగా అన్నాడు కనుక ఆ మాట గుండెలో దిగబడింది.

"నువ్వూ రా వదినా, పిల్లల్ని తీసుకుని."

"రాను" అంది ఓబులమ్మ. "ఈ గట్టు పేరు చెప్పి నా చేత మీ ఇళ్ళ తలుపులు కొట్టించారు. అది లేచేదాకా కదలను."

ఇప్పుడు రాజు దగ్గర కాసిన్ని కాసులైతే ఉన్నాయి. కానీ మట్టి మోయడానికి తలలేవి? అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? ఆకాశంలో మబ్బులు చేరుతున్నాయి. గజకేసరి భూపతికి మొదటిసారి నిద్ర పట్టలేదు. కనీసం గండి దగ్గర తూము అయినా నిలబెడదామని మంచిరోజు చూశాడు.

తూము నిలబెట్టడానికి ఏటిగడ్డలో ఒక ఆచారం ఉంది. తూముకు పైన వేసే మద్దిదూలాన్ని ఏనుగు లాగకూడదు, ఎడ్లు లాగకూడదు. ఇంటికో భుజం చొప్పున మనుషులే మోయాలి. కోట కూడా ఒక ఇల్లే. కనుక రాజూ ఒక భుజం పట్టాలి. దారిలో దూలం నేల తాకిందా, ఆ ఏడు గట్టు నిలవదని అందరి నమ్మకం. ఇంకొకటి. మోత మొదలైన దగ్గర నుంచి దూలం దిగేదాకా, అడుగులు కలిసేలా కేక వేసే మనిషి మాటే చెల్లుతుంది. రాజైనా సరే, ఎదురు చెప్పకూడదు.

వెనకట ఆ కేక వేసేవాడు ఓబులమ్మ భర్త. ఆయన పోయాక ఆ పాట, ఆ పద్ధతి తెలిసినది ఓబులమ్మ ఒక్కతే. కబురు పెడితే వచ్చింది. కొంగు బిగించి దూలం ముందు నిలబడింది. పిల్లలిద్దరూ గండి పక్కన మట్టిదిబ్బ ఎక్కి చూస్తున్నారు.

ప్రతిసారీ పెద్దింటివాళ్ళు తమ బదులు నౌకర్లను పంపేవారు. ఈసారి పంపడానికి నౌకర్లేరీ? ఉప్పు పన్నుకు భయపడి ఏరు దాటేశారు కదా! అందుకని నిధిపాలుడే రావలసి వచ్చింది. మంత్రీ వచ్చాడు. గిడ్డంగుల యజమానులు, తోటల యజమానులు, అందరూ పట్టు ఉత్తరీయాలు నడుముకు చుట్టుకుని వచ్చారు. పల్లపుపేటలో మిగిలిన ముసలీ ముతకా కూడా వచ్చారు.

ఓబులమ్మ అందరినీ ఎత్తు చూసి నిలబెట్టింది. పొడుగువాళ్ళను ముందూ వెనకా పెట్టింది. పొట్టివాళ్ళను మధ్యలో సర్దింది. రాజు కూడా మధ్యలోకే వచ్చాడు.

"ఓ… హైలెస్సా!"

దూలం లేచింది.

నాలుగు అడుగులు వేశారో లేదో రాజు మూలిగాడు. "అబ్బా! ఇదేమిటి, ఇంత బరువు?"

ఓబులమ్మ చూసింది. చూడగానే సంగతి అర్థమైంది. మోతలో పుట్టి మోతలో పెరిగిన వాళ్ళెవరికైనా అర్థమవుతుంది. నిధిపాలుడు నిటారుగా నడవడం లేదు. మంత్రి నిటారుగా నడవడం లేదు. పొడుగువాళ్ళందరూ పంచెల మాటున మోకాళ్ళు వంచి, బాతుల్లా నడుస్తున్నారు. వాళ్ళు కుంగితే దూలం కిందికి దిగుతుంది. దిగిన దూలం ఎవరి మీద కూర్చుంటుంది? పొట్టివాళ్ళ భుజాల మీద!

ఒక్క కేక వేస్తే చాలు. కానీ ఓబులమ్మ వేయలేదు. 'మోయనీ' అనుకుంది. 'దొర భుజానికి కూడా కాసేపు తెలియనీ.' మాసాల తరబడి మింగిన కోపం ఆమె చేత అలా అనిపించింది.

"హైలెస్సా!"

ఇంకాస్త దూరం పోయారు. రాజు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఒక కాలు తడబడింది. మోకాలు నేలకు ఆనింది. దూలం ఒక్కసారి ఊగింది. దిబ్బ మీద పిల్లలు కెవ్వున అరిచారు.

ఓబులమ్మ దిబ్బ వైపు చూసింది. దూలం నేల తాకితే గట్టు లేదు. గట్టు లేకపోతే ఆ దిబ్బ మీద ఉన్న ఇద్దరూ ఉండరు. అయినా కేక వేయలేదు. రాజు పక్కనే ఉన్న ముసలి పోచమ్మ కొడుకు ఆయన్ని చేత్తో పైకి లేపాడు. రాజు నిలబడ్డాడు. నిలబడి, మెడ తిప్పలేక, ముందుకే చూస్తూ అరిచాడు.

"ఎవరది, బరువంతా నా మీదికి తోస్తున్నది?"

ముందు నుంచి నిధిపాలుడి గొంతు వినిపించింది. రొప్పు లేదు, ఆయాసం లేదు. పాన్పు మీద కూర్చున్నవాడి గొంతు.

"ఎవరూ తోయడం లేదు ప్రభూ. దూలం ఒక్కటే. మనిషికొక్క భుజం. అందరికీ సమానమే!"

ఆ మాట చెవిన పడగానే ఓబులమ్మ ఒళ్ళు మండిపోయింది.

"ఆగండి!" అని కేక వేసింది. "ఎవరూ దూలం దించకండి. ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడండి. దొరా! ముఖాలు చూడకండి. ముఖాలు అబద్ధాలాడతాయి. కిందికి చూడండి. మోకాళ్ళు చూడండి!"

రాజు కిందికి చూశాడు. పొడుగాటి కాళ్ళన్నీ మడతపడి ఉన్నాయి. తాటిచెట్టంత మంత్రి తనకన్నా పొట్టిగా నిలబడి ఉన్నాడు. ఎదర ఉన్న వీపుల మీద చెమట చుక్క లేదు. తన అటూ ఇటూ ఉన్న పల్లపుపేటవాళ్ళు మాత్రం ధారలుగా కారుతున్నారు.

"ఇదీ దొరా మీ పన్ను!" అంది ఓబులమ్మ. "కుదురుకో కాసు, పొయ్యికి రెండు కాసులు, ఉప్పుకో కాసు, అందరికీ సమానం! దూలం కూడా అందరికీ సమానమే. వంగగలిగినవాళ్ళు వంగారు. వంగడానికి చోటు లేనివాళ్ళం మేము మోశాం. మాసాల తరబడి మోశాం. మీరు నూరు బారలు కూడా మోయలేకపోయారే!"

ఓబులమ్మ అక్కడితో ఆగలేదు. ఆమెకు ఎదురు చెప్పకూడదు, ఆచారం అది.

"వరదొస్తే నా గుడిసె పోతుంది. బతికుంటే మళ్ళీ నాలుగు తాటాకులు కప్పుకుంటా. నిధిపాలుడుగారి గిడ్డంగులు పోతే? ఈ గట్టు ఎవరి సొత్తుకు ఎక్కువ కాపలా కాస్తోంది? ఎక్కువ కాపలా కావలసినవాడు ఎక్కువ మోయొద్దా? నేను పన్ను వద్దనలేదు దొరా. అందరికన్నా ముందు కట్టాను. ఊరంతా తిరిగి కట్టించాను. ఆ కాసులతో మీరు పందిళ్ళు వేసుకున్నారు. నా బిడ్డకు అంబలిలో ఉప్పు లేకుండా చేశారు. నా మాట నమ్మినవాళ్ళను ఏరు దాటించారు. థూ!"

ఆమె నేల మీద ఉమ్మింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కేక వేసే గొంతు తెచ్చుకుంది.

"పొడుగువాళ్ళందరూ మోకాళ్ళు చాపండి! దూలం దిగేదాకా ఇక్కడ నా మాటే చెల్లుతుంది. చాపండి!"

నిధిపాలుడు రాజు వైపు చూశాడు. రాజు కళ్ళలోంచి నిప్పులు రాలుతున్నాయి. నిధిపాలుడి మోకాళ్ళు చాచుకున్నాయి. మంత్రి మోకాళ్ళు చాచుకున్నాయి. దూలం పైకి లేచింది. ముందూ వెనకా ఉన్నవాళ్ళ ముఖాలు ఎర్రబడ్డాయి, రొప్పులు వినిపించాయి.

రాజు భుజం మీద దూలం లేదు. జానెడు ఎడంలో, పైన ఉంది. "హమ్మయ్య" అన్నాడాయన.

"హమ్మయ్య అంటే ఎలా దొరా?" అంది ఓబులమ్మ. "పొట్టివాళ్ళం కదా అని చేతులూపుకుంటూ నడిస్తే న్యాయమా? ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు మోయాలి."

నడుమున దోపుకున్న చుట్టకుదురు తీసి రాజు భుజం మీద పెట్టింది. ఎడం నిండింది. దూలం దాని మీద ఆనింది. మోయగలిగినంతే ఆనింది. మిగిలిన పొట్టివాళ్ళూ తలగుడ్డలు మడిచి భుజాన వేసుకున్నారు.

రాజు ఆ చిరుగుల గుడ్డను ఓరగా చూశాడు. "దీని మీద ముద్ర కనిపించదే?"

"ముద్ర వేసినది చిరిగిపోయింది. దీనికి పన్ను కట్టలేదు దొరా. దాచిపెట్టుకున్నాను. శిక్షించదలిస్తే దూలం దిగాక శిక్షించండి."

రాజు తల వంచుకున్నాడు. ఆమె పాట ఎత్తుకుంది. దూలం కదిలింది. ఎక్కడా నేల తాకకుండా గండి దగ్గర తూము మీద కూర్చుంది.

దూలం దిగింది కనుక ఇప్పుడు మాట మళ్ళీ రాజుది. భుజం నిమురుకుంటూ ఆయన అక్కడే, మట్టిలోనే, ఆజ్ఞ చెప్పాడు.

"కుదురు పన్ను లేదు. పొయ్యి పన్ను లేదు. ఉప్పు పన్ను లేదు. పడవల మీద, గిడ్డంగుల మీద, పల్లకీల మీద పన్ను ఉంటుంది. పెద్ద గిడ్డంగికి పెద్ద పన్ను, చిన్న కొట్టుకు చిన్న పన్ను. మొదటి పన్ను నా వంటశాలది. గట్టుకని వసూలైన ప్రతి కాసూ గట్టు మీదే కనబడాలి. కనబడకపోతే నన్ను నిలదీసే హక్కు ఈ పట్నంలో అందరికీ ఉంటుంది."

నిధిపాలుడికి చుర్రుమంది. "అలాగైతే ప్రభూ, నా పడవలను పొరుగు రేవుకు తోలుకుపోతాను!"

రాజు మెత్తబడబోయాడు. చెవులు మెత్తనివని ముందే చెప్పానుగా. కానీ ఈసారి చివరి మాట ఓబులమ్మది.

"పోనీయండి దొరా! రేవు మనది, మోసే తలలు మనవి. పడవ తోలుకుపోగలడు. గిడ్డంగిని నెత్తిన పెట్టుకుపోతాడా? చుట్టకుదురు కావాలంటే నేనిస్తా."

జనం గొల్లున నవ్వారు. నిధిపాలుడు పోలేదు. ఎక్కడికి పోతాడు? సోమయామాత్యుణ్ణి మాత్రం రాజు మంత్రి పదవి నుంచి తీసేశాడు. "తెలియక పొరపడ్డవాణ్ణి నేను. రేవు కూలివాడి కొడుకువై ఉండి, తెలిసి నోరు మూసుకున్నవాడివి నువ్వు. అలాంటి మంత్రి నాకెందుకు?" అన్నాడు.

కుదుళ్ళకు ముద్రలు వేసిన భటులందరికీ తట్టలిచ్చి మట్టి మోయమన్నారు. మొదటి పూటకే వాళ్ళు నెత్తి తడుముకుంటూ చుట్టకుదుళ్ళ కోసం పల్లపుపేటంతా తిరిగారు. ఇవ్వడానికి ఎవరూ తొందరపడలేదు.

ఓబులమ్మ తానే ఏరు దాటి వెళ్ళి, పోయినవాళ్ళను పిలిచింది. పుల్లయ్య వచ్చాడు. చాలామంది వచ్చారు. అందరూ రాలేదు. ఒకసారి మోసపోయినవాళ్ళు మళ్ళీ నమ్మకపోతే తప్పు వాళ్ళది కాదు కదా. వచ్చినవాళ్ళకు సరైన కూలి ముట్టింది. గట్టు రోజురోజుకూ లేచింది.

వానలు వచ్చాయి. సుడియేరు ఎర్రగా పొంగి గట్టు అంచు దాకా వచ్చి బుసలు కొట్టింది. గట్టు కదలలేదు. నిధిపాలుడు తన గిడ్డంగుల గుమ్మంలో నిలబడి ఆ నీళ్ళను చూశాడు. ఒక్క గింజ తడవలేదు. కృతజ్ఞత చెప్పాడా అంటారా? పన్ను మరీ ఎక్కువైపోయిందని గొణిగాడు. గొణిగినా కట్టాడు. కట్టక ఏం చేస్తాడు?

ఆ వరద రోజున పల్లపుపేటలో ఎవరూ మెరక వెతుక్కుంటూ పరుగెత్తలేదు. ఓబులమ్మ పిల్లలిద్దరూ ఆమెకు చెరోవైపు పడుకుని నిద్రపోయారు.

కనుక పిల్లలూ, పెద్దలూ, నీతి ఇది: నలుగురి మేలుకని ఎత్తిన బరువును ఎవరి శక్తి కొద్దీ వారు మోయాలి, పొడుగువాళ్ళు మోకాళ్ళు వంచడం దొంగతనమైతే, దాన్ని చూసీ ఊరుకోవడం రాజద్రోహం కన్నా పెద్దదైన ప్రజాద్రోహం.